వీపులు లోపలికి

ముందుగానే చెప్పేస్తాను: ఆ నోటుపుస్తకం నాది. నల్ల అట్ట, నూట తొంభై రెండు పేజీలు, వాటిలో నిండినవి నలభై ఒకటి. చేతిరాత నాదే, తేదీలు వేసింది నేనే, పంక్తుల పక్కన పేర్లు రాసిందీ నేనే. ఆ వేసవి గురించి మా పేటలో ఎవరికి తోచినట్టు వారు చెప్పుకుంటున్నారు. కొందరు నన్ను వెనకేసుకొస్తున్నారు కూడా. వాళ్ల జాలి నాకు అక్కర్లేదు. ముప్పై ఎనిమిదేళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషిని. నా తప్పును ఇంకొకరు దిద్దడం నాకు గిట్టదు.

ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం, నేనూ నా చెల్లెలూ. నాకు అరవై ఏడు, దానికి యాభై రెండు. నేను పెళ్లి చేసుకోలేదు. దాని మొగుడు పోయి చాలా కాలమైంది. వీధి చివరి పెద్ద లాండ్రీలో, ఇస్త్రీ గదిలో దాని పని. మూడు ఆసుపత్రుల దుప్పట్లు అక్కడికే వస్తాయి. తడి దుప్పటిని రెండు కొసలు పట్టి వేడి రోలరు నోటికి అందించాలి. అవతలి మనిషి దాన్ని అందుకుంటుంది. తర్వాత ఇద్దరు చెరో రెండు కొసలు పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, కలిపి, మళ్లీ వెనక్కి నడుస్తారు. "రోజంతా ఒకళ్ల మీదికి ఒకళ్లం వస్తూనే ఉంటాం అక్కా, ఒక్కరోజూ కొట్టుకోలేదు" అనేది చెల్లెలు.

లాండ్రీ వెనక ఒక మైదానం ఉంది. యంత్రాలు రాకముందు బట్టలు అక్కడే ఆరేసేవారు. ఇప్పుడు తీగలు లేవు, గుంజలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. ఆదివారం సాయంత్రాలు, ఎండ దిగాక, ఆ గుంజల మధ్య పాట సాగేది. లాండ్రీ వాళ్లూ, వాళ్ల ఇళ్లవాళ్లూ, పేటలో పాడాలనిపించినవాళ్లూ కలిసి నలభై మంది దాకా చేరేవారు.

ఆ పాటకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఒకరు ఒక పంక్తి ఎత్తుకుంటారు. అందరూ దాన్ని రెండుసార్లు తిప్పి పాడతారు. ఈలోగా ఎవరికి తోస్తే వారు ఆ పంక్తి చివరి మాటను పట్టుకుని, దానితోనే మొదలుపెట్టి, తమ పంక్తి కలపాలి. ఇంటి దగ్గర అల్లుకొచ్చింది పాడకూడదు. పోయిన వారం పాడింది మళ్లీ పాడకూడదు. ఈ వారం ఏ మాట దగ్గర ఆగితే వచ్చే వారం ఆ మాట దగ్గరే మొదలు. వీటన్నిటినీ మించిన విడ్డూరం మరొకటి ఉండేది. గుండ్రంగా నిలబడేవారు గాని వీపులు లోపలికి, ముఖాలు బయటికి. వినడానికి వచ్చినవారూ అలాగే నిలబడాలి. ఎవరి నోరు కదిలిందో ఎవరికీ కనిపించదు.

నాకు మాత్రం మినహాయింపు ఉండేది. మోకాళ్లు నిలవనివ్వవు, ఎడమ చెవి సగం వినిపించదు; అందుకని చెల్లెలు ఇంట్లోంచి కుర్చీ తెచ్చి గుండ్రం నడుమ వేసేది. నలభై వీపుల మధ్య నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. వాళ్లు నాకు పెట్టిన పేరు తప్పులమ్మ. బాయిలరు బాబాయి నాకంటే ఆరేళ్లు చిన్న, అయినా పేటకంతటికీ బాబాయే. బొగ్గు మింగినట్టుండే గొంతుతో ప్రతి వారం అడిగేవాడు, "తప్పులమ్మా, నాకెన్ని మార్కులు?" అని. సున్న అనేదాన్ని. అదేదో బిరుదైనట్టు మురిసిపోయేవాడు.

ఆ వేసవి ఎండలు ముదిరిన కొద్దీ ఇస్త్రీ గది పొయ్యిలా మారింది. దానికి మైదానంలోకి తెరుచుకునే వెనక తలుపు ఒకటి ఉంది. ఊపిరాడనప్పుడు ఆడవాళ్లు ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడి వచ్చేవారు. మేనేజరు ఆ నిమిషాలు కూడా లెక్కగట్టాడు. తలుపుకు తాళం వేయించి, తాళంచెవి తన బల్ల సొరుగులో పెట్టుకుని, సొరుగుకూ తాళం వేసుకున్నాడు.

వేసవి మూడో వారంలో, ఒక మధ్యాహ్నం, రోలరు అవతల దుప్పటి అందుకునే ఆమె పడిపోయింది. నవ్వు మొదలైతే ఆగేది కాదు కాబట్టి ఆమెను అందరూ గలగల అనేవారు. మేనేజరు భోజనానికి వెళ్లాడు. ముందు వాకిలికి పోవాలంటే బాయిలరు గది దాటాలి. ఆ సెగలోంచి మోసుకుపోతే బతకదని బాబాయి వెనక తలుపు తాళం పగలగొట్టబోయాడు. సంస్థ ఆస్తి అని సూపర్వైజరు అడ్డం నిలబడ్డాడు. తలుపు తెరుచుకునేసరికి ఇరవై ఐదు నిమిషాలు గడిచాయి. మర్నాడు గోడ మీద కాగితం అంటించారు: మృతురాలు ఆహారం తీసుకోకుండా విధులకు హాజరైనందున స్పృహ కోల్పోయినది. ఆ పూట పదకొండున్నరకు గలగలా, నా చెల్లెలూ ఒకే గిన్నెలోంచి తిన్నారు.

పోయిన వారం పాట ఆవిరి అన్న మాట దగ్గర ఆగింది; ఆ ఆదివారం అక్కడే మొదలవ్వాలి. నా కుడిపక్క నుంచి ఒక గొంతు లేచింది.

*ఆవిరికైతే గొట్టం ఉంది, మనిషికి గాలికి ఏది దారి*

రెండుసార్లు తిప్పారు. ఎదుటి నుంచి బొగ్గు మింగిన గొంతు అందుకుంది.

*దారి ఏదని అడగబోతే తలుపుకు వేశారు తాళం*

ఎవరో కలిపారు.

*తాళం తీసే వేళకల్లా చల్లబడిపోయె చెయ్యి*

ఆ తర్వాతి గొంతు నా వెనక నుంచి వచ్చింది. యాభై రెండేళ్లుగా వింటున్న గొంతు అది.

*చెయ్యి కప్పిన దుప్పటి చూడు, మొన్న మనమే ఉతికిన దుప్పటి*

ఆపైన ఎవరూ అందుకోలేకపోయారు. పాట దుప్పటి దగ్గర ఆగిపోయింది.

నేను దిద్దిన వేల పేజీల్లో అంత బరువు మోసిన వాక్యాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తోలు అట్టలు వేయించుకుని, ముందుమాటలు రాయించుకుని, శాలువాలు కప్పించుకున్నవారికి ఒక్కటీ తట్టని వాక్యం ఒక ఇస్త్రీ మనిషికి నిలబడినచోట తట్టింది. మర్నాటికి అది గాలిలో కలిసిపోతుంది. ఆ అన్యాయం నేను సహించలేకపోయాను. ఇంటికి రాగానే నాలుగు పంక్తులూ రాశాను, తేదీ వేశాను, ప్రతి పంక్తికీ ఎదురుగా పాడినవారి పేరు రాశాను. నాకు గొంతులు పొరపడవు. మార్చి నుంచీ రాస్తున్న పుస్తకమే అది. అన్ని పంక్తులకూ పేర్లున్నాయి.

చెల్లెలు భుజం మీంచి చూసింది.

"పేర్లెందుకు రాస్తున్నావు?"

"ఎవరిది వాళ్లకు చెందాలి కాబట్టి."

"అది ఎవరిదీ కాదక్కా. పాట కావాలంటే రాసుకో. పేర్లు కొట్టెయ్."

నేను కొట్టేయలేదు. పైగా దానికి పాఠం చెప్పాను. అచ్చాఫీసులో ఒకసారి ఒక ఇల్లాలు రాసిన పుస్తకం మొగుడి పేరుతో అచ్చుకొచ్చింది. ప్రూఫు అంచున నేనొక ప్రశ్నార్థకం పెట్టాను. యజమాని నన్ను పిలిచి, నువ్వు కామాలు చూసుకో, పేర్లు మేము చూసుకుంటాం అన్నాడు. ఆ మాట పాతికేళ్లుగా నా గొంతులో ముల్లు. ఆడవాళ్ల మాటలకు పేర్లు లేకుండా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పని నువ్వెందుకు చేస్తావు అని దాన్ని దులిపేశాను. చెల్లెలు మారు మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను. చదువుకున్నవాళ్లకు ఎదుటివారి మౌనం ఎప్పుడూ ఒప్పుకోలులాగే వినిపిస్తుంది.

వారం తిరక్కుండా ఆ నాలుగు పంక్తులు బజారులో వినిపించాయి. ఆసుపత్రిలో దుప్పట్లు మార్చే ఆయాలు పాడుకున్నారు. బస్సులో ఎవరో ఎత్తుకుంటే ఎవరో అందుకున్నారట. లాండ్రీ నుంచి వచ్చిన దుప్పటి చూసి ఒక రోగి, ఇది ఎవరికి కప్పిందమ్మా అని అడిగాడట.

అప్పుడొచ్చాడు ఆ పుస్తకాలాయన. ఇస్త్రీ మడత నలగని చొక్కా, సన్నటి కళ్లజోడు, చేతిలో ఒక ప్రత్యేక సంచిక. ఆ సంచిక వేసిన ఊళ్లోని కళాపీఠం తరఫున శ్రామికుల పాటలు సేకరిస్తున్నానన్నాడు. ఎవరో చెప్పారట, ఈ పేటలో ఒక విదుషీమణి శాస్త్రీయంగా నమోదు చేస్తున్నారని. సరిగ్గా ఆ మాటే వాడాడు, విదుషీమణి. నేను నోటుపుస్తకం చూపించాను. నాలుగు పేజీలు తిప్పి, "పాడినవారి పేర్లు కూడా ఇచ్చారే" అన్నాడు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. ఇన్నేళ్లలో ఈ శ్రద్ధ ఎక్కడా చూడలేదన్నాడు. వారం రోజులు ఇస్తే నకలు రాయించుకుని తెచ్చిస్తానన్నాడు.

ఇచ్చాను. తన చేతిలోని సంచిక నాకు కానుకగా ఇచ్చి, నా పుస్తకాన్ని చేతిరుమాలులో జాగ్రత్తగా చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం నేను ఆ సంచికలో మొదటి మూడు వ్యాసాలు చదివి, ఇరవై అచ్చుతప్పులు పట్టి, తృప్తిగా మూసేశాను.

నోటీసులు తొమ్మిదో రోజున వచ్చాయి. చెల్లెలు తనది తెచ్చి నా బల్ల మీద పెట్టి, చెప్పులు విప్పకుండానే నిలబడింది. సంస్థ పరువుకు భంగం కలిగించు విధముగా బహిరంగ ప్రదేశమున ఈ క్రింది పంక్తిని ఆలపించినందున, విచారణ ముగియు వరకు విధుల నుండి తొలగించడమైనది. కింద దుప్పటి పంక్తి. "మొన్న" తర్వాత ఒక అర్థం లేని గీత. ఆ మాట నేను మొదట మరచిపోయి, తర్వాత పైన రాసి, చొప్పింపు గుర్తు పెట్టాను. టైపు చేసినవాడు ఆ గుర్తునూ అక్షరమే అనుకున్నాడు.

ఆ గీత నా చేతిదే.

"ఏడుగురికి వచ్చాయి" అంది చెల్లెలు. "నీ పుస్తకంలో లాండ్రీవాళ్ల పేర్లు ఎనిమిది ఉన్నాయట. ఎనిమిదో మనిషి చచ్చిపోయింది కదా, అందుకని ఆవిడను వదిలేశారు."

నేను లేచి ఆ ప్రత్యేక సంచిక తీశాను. చివరి పేజీలో దాతల జాబితా ఉంది. మొదటి పేరు లాండ్రీ యజమానిది. కళాపీఠానికి అధ్యక్షుడు ఆయనే. ముప్పై ఎనిమిదేళ్లలో చివరి పేజీ చదవకుండా ఏ పుస్తకాన్నీ అచ్చుకు వదలలేదు. ఎవరో విదుషీమణి అన్నారని ఆ ఒక్కరోజు వదిలాను.

"అక్కా, మేం వీపులు తిప్పుకుని నిలబడేది సిగ్గుపడి కాదు." చెల్లెలి గొంతు పెరగలేదు, అదే భరించలేకపోయాను. "ముఖాలు బయటికి ఉంటే వచ్చేవాడు కనిపిస్తాడు, నోళ్లు మూసుకుంటాం. ఎవరు పాడారని రేపెవరైనా నిలదీస్తే, చూళ్ళేదని ఒట్టేసి చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు. మా అత్త కాలం నుంచీ ఇంతే. ఇన్నేళ్లూ ఒక్కరూ దొరకలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"పేర్లు కొట్టెయ్యమన్నాను. నువ్వు ఇంకేం విన్నావు?"

ఆ రోజు నుంచి అది నన్ను అక్కా అనడం మానేసింది. టీ చేసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయేది. బాయిలరు బాబాయి వీధిలో ఎదురైతే పక్కకు తిరిగి దారిచ్చేవాడు, కొత్తవాళ్లకు ఇచ్చినట్టు. మొదట దుఃఖంతో, తర్వాత నోటీసుల భయంతో, మొత్తం ఐదు ఆదివారాలు మైదానంలో పాట లేదు. ఉద్యోగాలు పోతే ఏడు ఇళ్లు పోతాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, నాకు అందరికంటే బాగా తెలుసు. కోపం నాకు నిద్రలో కూడా దిగేది కాదు. మేనేజరు మీద, పుస్తకాలాయన మీద ఉన్న కోపాన్ని ఎలాగో మోయవచ్చు. అద్దంలో కనిపించే ముసలిదాని మీద కోపమే ఎటు దించుకోవాలో తెలియలేదు.

విచారణకు నన్ను సాక్షిగా పిలిచారు, వాళ్ల తరఫునే. చేతిరాత నాదని, పేర్లు నిజమని నేను చెబితే చాలు, వ్యవహారం ముగుస్తుంది. లాండ్రీ మేడ మీది గది. ఏసీ ఉంది. మూడు తలుపులున్నాయి, మూడూ బార్లా తెరిచి ఉన్నాయి. బల్ల అవతల విచారణాధికారి, పదవీ విరమణ చేసిన జడ్జి. పక్కన మేనేజరు. గోడవారగా ఏడుగురూ బెంచీ మీద. వాళ్లను అప్పటికే ఒక్కొక్కరినీ అడిగారు. ఎవరు పాడారంటే అందరం అన్నారట, ఏడుగురూ అదే మాట. పుస్తకాలాయన రాలేదు.

నోటుపుస్తకం నా ముందు పెట్టారు.

"చేతిరాత మీదేనా అమ్మా?"

"నాదే."

"పేర్లు కూడా మీరు రాసినవేనా?"

"నేనే రాశాను. అవన్నీ తప్పులు."

మేనేజరు తల ఎత్తాడు. అధికారి కలం కింద పెట్టాడు.

"తప్పులంటే?"

"నా కుర్చీ మధ్యలో ఉంటుంది. నాకు వీపులే కనిపిస్తాయి. ఏ నోరు కదిలిందో ఒక్కసారి కూడా చూడలేదు. ఎడమ చెవి వినిపించదు, డాక్టరు చీటీ ఇదిగో. ఎటు నుంచి వచ్చిన గొంతు ఎవరిదో ఊహించి రాశాను. ముసలిదాన్ని, పొద్దుపోక రాసుకున్నాను."

"ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దినవారు ఊహించి రాశానంటే ఎలా నమ్మమంటారు?"

"దిద్దాను కాబట్టే చెబుతున్నాను. తప్పు ఎలా ఉంటుందో నాకు తెలిసినంత మీకు తెలియదు."

నా జీవితంలో ఒకే ఒక్క గర్వం ఉండేది, నేను రాసింది ఇంకొకరు దిద్దనక్కర్లేదని. దాన్ని ఆ బల్ల మీద పెట్టేసి వచ్చాను. నొప్పి పుట్టలేదని చెప్పను. బెంచీ వైపు చూడలేదు.

అధికారి చాలాసేపు పుస్తకం తిప్పాడు. అయితే తలుపు, తాళం అనే సంగతులు ఈ పాటలో ఎలా వచ్చాయని అడిగాడు. జరిగింది కాబట్టి వచ్చాయన్నాను. ఇస్త్రీ గది వెనక తలుపుకు తాళం ఉండేదని, తాళంచెవి మేనేజరు సొరుగులో ఉండేదని, ఆయన భోజనం ముగించి వచ్చేదాకా ఇరవై ఐదు నిమిషాలు ఆ తలుపు తెరుచుకోలేదని, పేటలో అందరికీ తెలిసిన ఆ సంగతిని ఈ గదిలో ఇంతవరకు ఎవరూ అడగలేదని చెప్పాను. మేనేజరు ఏదో అనబోయాడు. అధికారి చెయ్యెత్తి ఆపి, ఇక చాలన్నాడు.

వాంగ్మూలం టైపు చేసి సంతకానికి ఇచ్చారు. మూడు పేజీలు. చదవాలన్నాను. అందరూ లేవబోతున్నవారు మళ్లీ కూర్చున్నారు. కళ్లజోడు మార్చుకుని, సంచిలోంచి ఎర్ర పెన్సిలు తీశాను. పదకొండు తప్పులున్నాయి. పది నిశ్శబ్దంగా దిద్దాను.

"తాళం గురించి చెప్పింది ఇందులో లేదు" అన్నాను.

"అది విచారణాంశం కాదమ్మా."

"నేను చెప్పానా లేదా?"

"చెప్పారు."

"అయితే జారిపోయింది. జారిపోయింది చేర్చడమే నా పని."

సరైన చోట చొప్పింపు గుర్తు పెట్టి, అంచున నాలుగు వాక్యాలూ రాశాను, గుండ్రటి అక్షరాలతో, గీతను అక్షరం అనుకునేవాడికి కూడా పొరపాటు రాకుండా. ఇది ఇలా ఉంటేనే సంతకం పెడతానన్నాను. నా సంతకం లేకపోతే వాళ్ల సాక్షి వాంగ్మూలమే ఉండదు. అధికారి మేనేజరు ముఖం చూశాడు, గడియారం చూశాడు, ఆ నాలుగు వాక్యాల కిందా తన పొడి అక్షరాలు వేశాడు. అప్పుడు చివరి పేజీ చివరి పంక్తి దాకా రెండోసారి చదివి సంతకం చేశాను.

పేర్లు రుజువు కాలేదు. ఏడుగురినీ హెచ్చరికతో తిరిగి తీసుకున్నారు. నా చెల్లెల్ని మాత్రం రోలరు నుంచి బట్టలు ఉతికే తడి గదికి మార్చారు. విచారణ కాగితాల నకలు కార్మిక కార్యాలయానికి పంపాలని నిబంధన ఉందట. అక్కడ ఎవరో అంచులు కూడా చదివే మనిషి ఉన్నట్టున్నారు, ఒక తనిఖీ అధికారి వచ్చి వెళ్లాడు. మర్నాడే తాళం తీశారు. మనిషి పడిపోతే తెరుచుకోని తలుపు నాలుగు వాక్యాలకు తెరుచుకుంది. దీన్ని గెలుపని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. మేనేజరు అదే కుర్చీలో ఉన్నాడు. నోటుపుస్తకం నాకు తిరిగి ఇవ్వలేదు, నేను అడగలేదు.

ఆ ఆదివారం సాయంత్రం చెల్లెలు మైదానానికి బయలుదేరింది. కుర్చీ వైపు చూడలేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"వస్తే నిలబడాలి" అంది, వెనక్కి తిరక్కుండా.

వెళ్లాను. గుంజల మధ్య గుండ్రంలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలారు. మోకాళ్లు మొదటి నిమిషంలోనే మొరపెట్టాయి. వీపు లోపలికి తిప్పి నిలబడ్డాను. నా ఎదుట మైదానం అంచు, అంచున ఇస్త్రీ గది వెనక తలుపు. అది తెరిచే ఉంది. లోపల చీకటి. ఇటు నుంచి చూస్తే అది అంత దగ్గరని నాకు అంతవరకు తెలియదు. ఇరవై అడుగులు కూడా ఉండదు.

ఆరు వారాల కిందట దుప్పటి దగ్గర ఆగిన పాటను ఒక గొంతు అక్కడే అందుకుంది.

*దుప్పటి ఎన్ని మడతలు పెట్టినా మడతపడలేదు నీ పేరు*

రెండుసార్లు తిప్పారు. ఆ పంక్తి ఎవరిదో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

ఆ తర్వాత ఒక పంక్తి వచ్చింది.

*పేరు పేరునా రాసినదానికి కనబడినవన్నీ వీపులే*

ఇది ఎవరు పాడారో కూడా రాయను. శ్రుతి తప్పిందని మాత్రం ఒప్పుకుంటాను. అయినా నలభై గొంతులు దాన్ని అందుకుని, ఒకసారి, రెండుసార్లు, నాకు తెలియని మెలికలతో తిప్పాయి.

పాట సద్దుమణిగాక వెనక నుంచి ఎవరో, "మార్కులు సున్న" అన్నారు.

ఎవరన్నారో నేను చూడలేదు.